గినీ పిగ్స్‌కి ఎంత గూడు? ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: పాప కోసం రెండు గినీ పిగ్స్ (ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) కొన్నాం. షాపతను 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న రెండంతస్తుల పంజరం ఇచ్చాడు. అడుగున కూడా వైరు జల్లే, దాని కింద ట్రే. ఇది చాలుతుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చాలదండి. మీ పంజరం నేల 3 చదరపు అడుగులు. రెండు జంతువులకి కనీసం 7.5 కావాలి, 10 దాటితే మంచిది. పై అంతస్తుని లెక్కలో వేసుకోకండి. గినీ పిగ్ ఎగబాకేది కాదు, నేల మీద గోడ వారగా పరుగెత్తేది. నిటారు మెట్ల మీంచి జారితే కాలు విరుగుతుంది.

అసలు చిక్కు ఆ వైరు అడుగుతోనే. పెంటికలు కిందికి రాలిపోతాయి, శుభ్రం సులువని అమ్మేవాళ్లు చెబుతారు. సులువు మనకి, పుండు దానికి. దాని అరికాళ్లకి బొచ్చు ఉండదు. వైరు ఒరుసుకుని ముందు ఎర్రబడతాయి, తర్వాత వాచి పుండు పడతాయి. ముదిరితే ఎముకదాకా పాకుతుంది, నయం చేయడం చాలా కష్టం. గోళ్లు జల్లిలో ఇరుక్కోవడం సరేసరి. కొన్న పంజరాన్ని పారేయనక్కర్లేదు. మందపాటి తువ్వాలు పరిచి, గూడు కడిగే కాసేపు వాటిని ఉంచడానికి వాడుకోండి.

ప్రశ్న: పెద్ద గూడు ఆన్‌లైన్‌లో ఖరీదుగా ఉంది. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. బట్టల ర్యాకులకి వాడే 14 అంగుళాల చదరపు వైరు ప్యానెళ్లు 12 తీసుకోండి. పొడవుకి నాలుగేసి, వెడల్పుకి రెండేసి నిలబెట్టి ప్లాస్టిక్ ట్యాగులతో బిగించండి. ట్యాగుల కొసలు బయటివైపే ఉండాలి. గడుల సందు అంగుళంన్నర దాటకూడదు. దాటితే పిల్లలు తల దూర్చి ఇరుక్కుంటాయి.

అడుగుకి ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటు (రెండు పొరల మధ్య బోలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట). 67 అంగుళాల పొడవు, 39 వెడల్పు ముక్క కోయించండి. నాలుగు పక్కలా అంచు నుంచి 6 అంగుళాల లోపల గీత గీసి, గీత వెంట పై పొర మాత్రమే తెగేలా కత్తి ఆడించండి. కోత బయటికి వచ్చేలా అంచులు పైకి మడవాలి. ప్రతి మూలలో ఒక గీత మీద అంచు నుంచి మడత దాకా పూర్తిగా కోసి, ఆ రెక్కని పక్కగోడ వెనక్కి తిప్పి టేపు వేయండి. టేపు బయటే ఉండాలి, లోపలుంటే కొరికి మింగుతాయి. 55 అంగుళాల పొడవు, 27 వెడల్పు ఉన్న తొట్టి వస్తుంది. నేల 10 చదరపు అడుగుల పైనే.

మీదన మూత తప్పదు. గినీ పిగ్ పైకి దూకి పోతుందని కాదు, పిల్లి, ఎలుక, పందికొక్కు లోపలికి రాకుండా. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో చుట్టూ, పైనా అరంగుళం గడుల వెల్డ్‌మెష్ (ఇనప తీగల వల) వేయండి.

లోపల దాక్కోవడానికి తలా ఒక అట్టపెట్టె పెట్టి, ఒక్కోదానికి రెండు దారులు కోయండి. దారి ఒక్కటే అయితే బలమైనది గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని కదలనివ్వదు. నీళ్ల సీసా గొట్టంలో గోళీ తరచు బిగుసుకుపోతుంది. రోజూ వేలితో నొక్కి చూడండి.

ప్రశ్న: మాది మేడ మీద గది. ఎండాకాలంలో కిటికీకి తడి గోనె కడితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: సరిపోదు. వీటికి హాయిగా ఉండేది 18 నుంచి 23 డిగ్రీలు. 27 దాటితే ఇబ్బంది మొదలు, 30 దాటితే ప్రాణగండం. చెమట పట్టే ఒళ్లు కాదు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే అంతకు మించి ఉంటుంది. శ్లాబు కింద గదైతే పొద్దుగుంకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే గూడు కొనే ముందే చోటు తేల్చుకోమంటాం. కింది అంతస్తు, ఉత్తరం లేదా తూర్పు గది, పడమటి గోడకి దూరం. కింద చోటు లేకపోతే ఆ రెండు నెలలూ ఏసీ గదే గతి. గాలి నేరుగా గూటి మీద కొట్టకూడదు.

తడి గోనె చల్లబరిచేది నీరు ఆరినప్పుడే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, నీరు సరిగా ఆరదు. మూసిన గదిలో కూలర్‌దీ అదే కథ. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి గూటిలో ఒక చివర పెట్టండి. కావాలంటే ఆనుకుంటాయి, వద్దంటే తప్పుకుంటాయి. టెక్కలి వైపు గ్రానైట్ యూనిట్లలో చిన్న పలక దొరికితే తెచ్చి, అంచులు అరగదీయించి నేల మీద పరచండి. ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ.

ఒళ్లు చాపి పడుకుని ఎగశ్వాస తీస్తూ చొంగ కారుస్తుంటే వడదెబ్బే. చెవులకి, పాదాలకి చల్లని తడిగుడ్డ అద్దుతూ వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లలో ముంచకండి.

వంటగది పక్కన వద్దు. పోపు ఘాటు, కుక్కర్ ఈల రెండూ పడవు. టీవీ పక్కన, అగరొత్తులు, దోమల చుట్టలు వెలిగించే చోటా వద్దు. వానాకాలంలో నేల చెమ్మగిల్లే ఇళ్లలో గూటిని బల్ల మీదికి ఎక్కించండి.

ప్రశ్న: ఊక, రంపపు పొట్టు, వరిగడ్డి మాకు ఊరికే దొరుకుతాయి. ఏది పరచాలి?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మూడూ వద్దు. ఊక కళ్లలో పడుతుంది, మగవాటి మర్మాంగంలో ఇరుక్కుంటుంది. రంపపు పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. వరిగడ్డి కొసలు కళ్లలో గుచ్చుకుంటాయి, పైగా మూత్రం పీల్చదు. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పలచటి పొరలు మంచివి. నీలగిరి లాంటి ఘాటు వాసన చెక్కవి, పాలిష్ తగిలినవి వద్దు. కింద పేపర్లు వేసి, దుమ్ము దులిపిన పొరలు 2 అంగుళాల మందాన పోయండి.

తడిసిన మూల రోజూ తీయాలి, వారానికోసారి మొత్తం మార్చాలి. నిలబడ్డ మీ ముక్కుకే మూత్రం ఘాటు తగిలిందంటే, నేలకి రెండంగుళాల ఎత్తున దానికెంత తగులుతోందో చూసుకోండి. ఆ అమ్మోనియాతోనే ఊపిరి జబ్బులు. అడుగున పేరుకునే తెల్లటి గార సగం వెనిగర్, సగం నీళ్లతో పోతుంది. ఫినాయిల్ వాడకండి.

ప్రశ్న: ఇంట్లో కుందేలుంది. ఒకే గూట్లో ఉంచొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: వద్దండి. కుందేలు వెనక కాళ్లతో ఒక్క తాపు తన్నితే గినీ పిగ్ ఎముకలు విరుగుతాయి. కుందేలికి ఏమీ కాకుండానే దాని ఒంట్లో బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది గినీ పిగ్‌కి న్యుమోనియా తెస్తుంది. మేతా వేరే: గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారవదు, రోజూ క్యాప్సికం ముక్కో కొత్తిమీరో పెట్టాలి. తోడు కావాలంటే ఇంకో గినీ పిగ్‌నే తెచ్చుకోండి. రెండూ ఆడవే అని షాపతను చెప్పినా, ఒకే గూట్లో వేసే ముందు డాక్టర్‌కి చూపించండి. ఇవి కడుపుతో ఉండేది రెండు నెలలకి కాస్త అటూ ఇటూ మాత్రమే.