సంక్రాంతికి కాదు, కార్తీకంలో వెళ్ళు

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగం): నాకు 23 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటున్నాను. చిన్నప్పటి నుంచీ మూగజీవాలంటే ప్రాణం. నానమ్మ పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చు కడుతుంటే పక్కనే కూర్చునేదాన్ని. మాంసం మానేసి నాలుగేళ్లు, పాలు, పెరుగు మానేసి ఏడాదిన్నర. మొన్న సంక్రాంతికి మా ఊరి కోడిపందేల వీడియో తీసి నెట్‌లో పెట్టాను, పోలీసులకూ ఫోన్ చేశాను. వీడియోలో బాబాయి మొహం కనిపించింది. ఆయన్ని స్టేషన్‌కి పిలిచారు. నాన్న ఇక ఈ గడప తొక్కొద్దన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒక జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్తున్నాను. నావాళ్ళంటే వాళ్ళే అనిపిస్తోంది. ఒక్కోసారి బతకడం దండగ అనిపిస్తుంది. ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోవాలనుంది. హాస్టల్ గేటు దగ్గర కుక్కలకు అన్నం పెడుతున్నానని ఖాళీ చెయ్యమంటున్నారు. నేను తప్పు చేశానా?

జవాబు: అమ్మా, బతకడం దండగ అనిపిస్తుందని ఒక్క ముక్క రాసి వేరే సంగతిలోకి వెళ్ళిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. ఆ ఆలోచన మళ్ళీ వస్తే, ఎంత రాత్రయినా సరే, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నీ గదిలో ఉండే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పి ఉంచు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇది ముందు చేసి, మిగతాది తర్వాత చదువు.

పందెం ఆపాలనుకోవడం తప్పు కాదు. జంతువుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి పోట్లాడించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. డబ్బు కాయడం 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టం కిందికి వస్తుంది. నువ్వు చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పావు. దానికి నువ్వు ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు.

బాబాయి మొహం ఊరందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టావే, అక్కడ మాత్రం నేను నీ పక్షాన లేను. మొహం కనిపించకుండా చేసి పెట్టి ఉండొచ్చు. పెట్టేముందు ఆయనతో ఒక్కమాట చెప్పి ఉండొచ్చు. ఆ వీడియో కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన్ని తిట్టిన తిట్లు మీ అమ్మ కూడా చదివే ఉంటుంది.

మీ బాబాయికి జంతువులంటే ద్వేషం లేదని నీకూ తెలుసు. పందెం పుంజుని పెంచేవాళ్ళు దానికి బాదంపప్పు, ఉడికించిన గుడ్డు పెడతారు, ఈత కొట్టిస్తారు, ఒళ్ళు నిమురుతారు. కాకి, డేగ, నెమలి అని దాని రంగూ, జాతకం చూసుకుంటారు. నెలల తరబడి అలా సాకి, ఆ చేతులతోనే కాలికి కత్తి కడతారు. మనకి ఘోరంగా అనిపించేది వాళ్ళకి పౌరుషంలాగా, తాతల నాటి ఆనవాయితీలాగా కనబడుతుంది. పల్నాటి కథలో కూడా కోడిపందెం ఉంది కదా. ఇంత లోతుగా వేళ్ళున్నదాన్ని ఒక్క పోలీసు కేసు పెకలించలేదు. ఆ 1960 చట్టంలో జంతువుని హింసిస్తే మొదటిసారి జరిమానా 50 రూపాయలకు మించదు! బాబాయి మనసు మారితే తప్ప వచ్చే ఏడాది ఆ బరి మళ్ళీ లేస్తుంది. ఆ మనసుకి దగ్గరగా వెళ్ళగలిగేది ఆ ఇంటి పిల్లవి నువ్వే. అందుకే ఆ దారి మూసుకోవద్దంటున్నాను.

ఇక ఆదివారాల సంగతి. వెనక కాళ్ళు చచ్చుబడిన కుక్కకి పుండు కడుగుతుంటే అక్కడి పెద్దాయన ఏమీ అడక్కుండా తన టిఫిన్ బాక్సులో సగం నీ ముందు పెట్టాడని రాశావు. నీ ఉత్తరంలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. ఎందుకు తినవు, ఎందుకు ఏడుస్తావు అని నిలదీయని మనుషులు దొరకడం అదృష్టం. వాళ్ళని వదులుకోకు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. గడప తొక్కొద్దన్న మాట ఇంకా పచ్చిగా ఉంది. ఆ బాధలోంచి తీసుకున్న నిర్ణయాన్ని ఏడాది పొడుగునా మొయ్యడం కష్టం. పైగా అలాంటి చోట ప్రతివారం చావు చూడాలి. పార్వో అనే వైరస్ జబ్బుతో కుక్కపిల్ల పోతే మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళలేకపోయానన్నావు. పశువైద్యుల్లో, షెల్టర్లలో పనిచేసేవాళ్ళలో దీన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారు, జాలిపడి జాలిపడి మనసు అలసిపోవడమన్నమాట. జంతువుల్ని కాపాడే సంస్థల్లో హైదరాబాద్ బ్లూ క్రాస్ 1992 నుంచి, విశాఖలో వీఎస్పీసీఏ 1996 నుంచి నడుస్తున్నాయి. అన్నేళ్ళు పని సాగాలంటే మనుషులు వంతులవారీగా చెయ్యాలి, మధ్యలో విశ్రాంతి తీసుకోవాలి. నువ్వు ఆదివారం ఒక్కరోజే వెళ్ళు. నెలకి ఒక ఆదివారం అటు వెళ్ళకుండా పడుకో, సినిమాకి వెళ్ళు. నీ జీతంలోంచి మందులకి ఇచ్చే వెయ్యి రూపాయలు కూడా ఆ కేంద్రానికి సాయమే.

పాలు, పెరుగు కూడా మానేశావు కాబట్టి విటమిన్ బి12 పరీక్ష చేయించుకో. ఆకుకూరల్లో, పప్పుల్లో అది దొరకదు, డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి. అది తక్కువైతే నీరసం, దిగులు కూడా వస్తాయి. మీ అమ్మకి ఆ రిపోర్టు ఫొటో పంపించు. నువ్వు తిండి మానేశావని ఆవిడ పడే టెన్షన్ సగం తగ్గుతుంది.

హాస్టల్ గేటు దగ్గర అన్నం పెట్టడం మాత్రం ఆపు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలే రాకపోకల దారులకి, మెట్లకి, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా, ఒక వేళంటూ పెట్టుకుని తిండి పెట్టాలంటున్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లాడు చనిపోయాడు. ఆ దాడి వీడియో చూసిన ఏ తల్లికైనా కుక్కని చూస్తే గుండె ఝల్లుమంటుంది, ఆవిడ కఠినాత్మురాలు కాదు. ఓనర్‌తో కూర్చుని వెనక సందులో ఒక మూల అడుగు. కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించే బాధ్యత నాది అని చెప్పు. చాలామంది ఓనర్లు ఈ మాటకి మెత్తబడతారు.

ఇంటికి ఎప్పుడు వెళ్ళాలి? వచ్చే సంక్రాంతికి మాత్రం వెళ్ళకు. ఊరంతా బరి చుట్టూ ఉంటుంది, చుట్టాలందరి ముందూ ఎవరూ తగ్గరు. కార్తీకంలో వెళ్ళు. ఆ నెల మన ఇళ్ళల్లో చాలా చోట్ల నీచు వండరు, తిండి దగ్గర నీకూ వాళ్ళకీ పేచీ ఉండదు. ముందుగా బాబాయికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయి: "పందెం తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాను బాబాయ్. నీ మొహం నలుగురిలో పెట్టడం నా తప్పు. వీడియో తీసేశాను. నువ్వు పెంచిన డేగ గుర్తొస్తూ ఉంటుంది." నిజంగా తీసేశాకే రాయి. జవాబు రాకపోవచ్చు. నాన్న వాకిట్లో నిన్ను చూసి మొహం తిప్పుకోవచ్చు. వెనకదారిన వెళ్ళి నానమ్మ దగ్గర కూర్చో. కార్తీకం చివరికి చేలల్లో కోతలు పడతాయి. ఈసారి కుచ్చు అల్లడం నాకు నేర్పవా అని అడుగు.