కోప్పడితే చాలు ‘జబ్బు’ అంటున్నారు.. ఇందులో నేనెంత?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం. బాధ తట్టుకోలేక రెండుసార్లు చేతికి గాయం చేసుకోవడంతో ఇంట్లోవాళ్లు సైకియాట్రిస్ట్‌ దగ్గరకు తీసుకెళ్లారు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, అనుబంధాలు నిలకడగా ఉండని మానసిక సమస్య) అన్నారు. ఏడాది కావస్తోంది. మందులు వాడుతున్నాను. అప్పటి నుంచి నేను దేనికి కోప్పడినా, ఏడ్చినా ‘మళ్లీ మొదలైంది, మాత్ర వేసుకున్నావా?’ అంటున్నారు. ఏది నా స్వభావమో, ఏది జబ్బో నాకూ అర్థం కావడం లేదు. పర్సనాలిటీకే జబ్బైతే, అది తగ్గాక నేనంటూ మిగులుతానా?

- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా మిగులుతారమ్మా. ఎందుకంటే డాక్టర్ రాసిన ఆ పేరులో మీరు మొత్తంగా ఎప్పుడూ లేరు. ఈ సమస్యను నిర్ధారించడానికి 9 లక్షణాలు చూస్తారు. వాటిలో కనీసం 5 చాలాకాలంగా ఉంటేనే ఈ పేరు పెడతారు. అంటే ఇదే జబ్బున్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే వాళ్లకు ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒక్కటే కావచ్చు. మీ హాస్యం, పనితనం, ఎవరి కష్టం చూస్తే మీ మనసు కరుగుతుంది, ఏది అన్యాయమనిపిస్తుంది.. ఇవేవీ ఆ తొమ్మిదింటిలో లేవు. ‘నేనెవరినో నాకే స్థిరంగా తెలియకపోవడం’ మాత్రం ఉంది. మీ ప్రశ్న ఇంతగా వేధించడానికి అదీ ఒక కారణం. అలాగని ప్రశ్నను కూడా జబ్బు ఖాతాలో వేసేయను. అది సరైన ప్రశ్నే.

జబ్బుకూ మీకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. రాత్రి 9 గంటలకు దగ్గరి స్నేహితురాలికి మెసేజ్ పెట్టారు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మనసు చివుక్కుమంది. ఇది ఎవరికైనా అనిపించేదే. 9.10కి ‘నన్ను వదిలించుకుంటోంది’ అన్న ఆలోచన వచ్చింది, వచ్చీరాగానే రుజువైన నిజంలా తోచింది. 9.15 నుంచి వరసపెట్టి ఫోన్లు. 9.40కి నాలుగు మాటలు అనేసి ఆమెను బ్లాక్ చేశారు. పదిన్నరకి మీమీద మీకే అసహ్యం. ఇందులో బాధ మీది, దగ్గరితనం కోరుకోవడమూ మీదే. ఆ బాధ అంత వేగంగా పెరగడం, తగ్గడానికి గంటలు పట్టడం, ఆ వేడిలో చేయి ఆగకపోవడం జబ్బు పని. చికిత్స పట్టించుకునేది ఈ మూడింటినే. మీ ప్రేమనో, సున్నితత్వాన్నో తీసేయడానికి ఎవరూ ప్రయత్నించరు.

దీన్ని కాగితం మీద పెట్టండి. ఒక నోట్‌బుక్‌లో ఆరు గడులు: ఏం జరిగింది, ఏమనుకున్నాను, భావోద్వేగం ఎంత (0 నుంచి 10), ఏం చేయాలనిపించింది, ఏం చేశాను, తర్వాత ఏమైంది. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఉద్రేకంలో ఉండగా రాయొద్దు, అప్పుడు రాస్తే అది అభియోగపత్రంలా తయారవుతుంది. చాలామంది చేసే పొరపాటు, చెడిపోయిన రోజులే రాయడం. ఫోన్ చేయాలనిపించి ఆగిన రోజును తప్పకుండా రాయండి. మూడు, నాలుగు వారాలకు ఒక వరస కనిపిస్తుంది: నిద్ర చాలని రాత్రి, భోజనం మానేసిన రోజు, నెలసరికి ముందు వారం.

అంకె 8 దాటినప్పుడు ‘ఇది నేనా, జబ్బా’ అని తర్కించుకోకండి, ఆ సమయంలో తేలదు. ముందు శరీరాన్ని శాంతపరచాలి. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి ముఖాన్ని 30 సెకన్లు ముంచండి. గుండె వేగం తగ్గుతుంది. (గుండె జబ్బు, తిండికి సంబంధించిన డిజార్డర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది చేయకూడదు.) తర్వాత రాజీనామా, తెగతెంపులు, పెద్ద మెసేజ్.. ఏదైనా 24 గంటలు వాయిదా వేయండి. మరునాడు అంకె 3కి దిగాక కూడా అదే చేయాలనిపిస్తే, కారణాలు ప్రశాంతంగా చెప్పగలిగితే, ఆ నిర్ణయం చాలావరకు మీదేనని నమ్మొచ్చు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. మీ కోపానికి న్యాయమైన కారణం ఉన్నప్పుడు కూడా ‘మాత్ర వేసుకున్నావా’ అని అడగడం తప్పు. ఎంత ప్రేమతో అడిగినా అది మీ నోరు మూయిస్తుంది. అందరూ మామూలుగా ఉన్నప్పుడు ఇలా చెప్పండి: ‘నేను కోప్పడితే ముందు ఏం జరిగిందో అడగండి. నేను చెప్పిన తీరు బాగోలేకపోతే ఆ తర్వాత చెప్పండి.’ మీ వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. ‘జబ్బు వల్ల అరిచాను’ అన్నది కారణమే అవుతుంది, క్షమాపణ కాదు. ఒక్కసారి స్పష్టంగా సారీ చెప్పి, ఈసారి అరవబోయే ముందు గదిలోంచి బయటకు వెళ్తానని చెప్పండి. పదేపదే క్షమాపణలు చెబుతూ మిమ్మల్ని మీరు తిట్టుకుంటుంటే అవతలివారు మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు, అసలు గొడవ అక్కడే ఉంటుంది.

మందుల గురించి మీ డాక్టర్‌ని ‘ఇది ఏ లక్షణానికి, ఎంతకాలం?’ అని అడగండి. ఈ డిజార్డర్‌కే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా ఉండే డిప్రెషన్, ఆందోళన లాంటి వాటికి ఇస్తారు. సొంతంగా మాత్రం ఆపేయొద్దు. అసలు చికిత్స థెరపీ. ఉద్రేకాలను తట్టుకునే నైపుణ్యాలు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో వారానికోసారి విడిగా, మరోసారి బృందంలో శిక్షణ ఉంటుంది. నైపుణ్యాలు ఒక విడత నేర్చుకోవడానికి 24 వారాలు పడుతుంది, సాధారణంగా రెండు విడతలు చేయిస్తారు. దీన్ని రూపొందించిన అమెరికా సైకాలజిస్ట్ మార్షా లైనహన్, టీనేజీలో తానూ స్వీయగాయాలతో చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పారు. మన దగ్గర పూర్తిస్థాయి కార్యక్రమాలు తక్కువే. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్‌ని వెతకండి. మొదటిరోజే ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి.

తగ్గుతుందా అంటే, అమెరికాలో ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా ఉన్న 290 మందిని పదేళ్లపాటు గమనించారు. 93 శాతం మందిలో లక్షణాలు కనీసం రెండేళ్లపాటు వెనక్కి తగ్గాయి. దాంతోపాటు చదువో ఉద్యోగమో, అనుబంధాలూ కుదుటపడినవారు మాత్రం సగమే. కాబట్టి ‘తగ్గాక బతుకు మొదలుపెడతా’ అని ఆగకండి. చిన్నప్పటి నుంచి ఏ స్నేహబృందంలో ఉన్నా, ఎవరితో ఉన్నా మీలో మారని అయిదు విషయాలు రాయండి. గుర్తురాకపోతే బడి రోజుల స్నేహితురాలిని అడగండి. వాటిలోంచి ఒకదాన్ని.. సంగీతమో, మొక్కలో, పిల్లలకు లెక్కలు చెప్పడమో.. మనసు ఎలా ఉన్నా వారానికోసారి, మూడు నెలలు వదలకుండా చేయండి. మీకు నచ్చిన మనిషికి నచ్చుతుందని ఎంచుకున్నది వద్దు, ఆ మనిషి దూరమైతే అదీ పోతుంది.

థెరపీలో కొన్ని నెలలు గడిచాక ఒక దశ రావచ్చు. ఉద్రేకాలు తగ్గి లోపలంతా ఖాళీగా, చప్పగా అనిపిస్తుంది. ‘నేను పోయాను’ అని భయపడి కొందరు సరిగ్గా అక్కడే థెరపీ మానేస్తారు. అది మీరు పోవడం కాదమ్మా. ఇన్నాళ్లూ ఉద్రేకాలే ఆక్రమించిన చోటు ఖాళీ అయింది, అది నిండడానికి టైమ్ పడుతుంది. అలా అనిపించిన వారమే థెరపిస్ట్‌కి చెప్పండి.

గాయం చేసుకోవాలన్న ఆలోచన మళ్లీ వస్తే ఒంటరిగా ఉండొద్దు. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే మీ దగ్గర ఉంచుకుని మిగతావి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లండి.