సర్వీస్ చేయించాక ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ కలిసింది, షెడ్డు వాళ్ళు తప్పు నాదే అంటున్నారు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఈ మధ్య కారు సర్వీస్‌కి ఇచ్చాను. ఆయిల్, కూలెంట్ మార్చి వాటర్ పంపు కొత్తది వేశారు. ఆ తర్వాత నుంచి కూలెంట్ డబ్బాలో లెవెల్ తగ్గుతూ వచ్చింది. రెండుసార్లు తీసుకెళ్తే "ఎయిర్ లాక్ ఉంటుంది సార్, సర్దుకుంటుంది" అని పోసి పంపేశారు. ఓ రోజు దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రలోకి వెళ్ళింది, ఆపే చోటు లేక కొంచెం దూరం నడిపాను. ఇప్పుడు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయింది, వేడెక్కినా నడిపారు కాబట్టి ఖర్చంతా మీదే, ఇంజిన్ విప్పాలి, డబ్బు కట్టకపోతే బండి ఇవ్వం అంటున్నారు. కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండీ. కానీ కేసు సంగతి తర్వాత, ఇంజిన్ ఇంకా విప్పలేదు కదా, ముందు దాన్ని ఆపండి. ఈ రోజే వాళ్ళకి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపండి: నా రాతపూర్వక అనుమతి లేకుండా, నేను పక్కన లేకుండా ఇంజిన్ విప్పొద్దు, ఉన్న ఆయిల్, కూలెంట్ పారబోయొద్దు, స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌లో పడిన ఎర్రర్ కోడ్లు చెరపొద్దు, తీసిన పార్ట్ ఏదీ పారేయొద్దు అని. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతలోనే ఉండాలి.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, సర్వీస్‌లో లోపం ఉందని రుజువు చేసే బాధ్యత ఫిర్యాదు చేసినవాళ్ళదే. 2021లో ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అంటే "వాళ్ళు ముట్టుకున్నాకే పాడైంది" అంటే సరిపోదు, ఎలా పాడైందో చూపించాలి, ఆ చూపించే సాక్ష్యమంతా ఇప్పుడు ఆ బానెట్ కింద ఉంది. రేపు హెడ్ దించి, కడిగి, కొత్త గ్యాస్కెట్ వేసేశాక ఎంత పెద్ద లాయర్‌ని పెట్టుకున్నా లాభం ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. హెడ్ గ్యాస్కెట్ పోయిందన్న మాటలోనే రెండు వేరే వేరే కథలున్నాయి. మొదటిది, కొత్తగా వేసిన పంపు దగ్గర కూలెంట్ బయటికి కారింది, లెవెల్ పడిపోయింది, ఇంజిన్ వేడెక్కింది, ఆ వేడికి అల్యూమినియం హెడ్ వంగి గ్యాస్కెట్ పోయింది. రెండోది, గ్యాస్కెట్ సర్వీస్‌కి ముందే బలహీనంగా ఉంది, సిలిండర్‌లోని గ్యాస్ కూలింగ్ సిస్టమ్‌లోకి తోసుకొస్తూ కూలెంట్‌ని తరిమేస్తోంది, పంపుకి దీనికి సంబంధం లేదు. మొదటిదైతే తప్పు నేరుగా వాళ్ళ పనిలో ఉంది. రెండోదైతే గ్యాస్కెట్ పోవడం వాళ్ళ తప్పు కాదు గానీ, కూలెంట్ తగ్గుతోందని మీరు రెండుసార్లు బండి తెచ్చి చూపించినా ఒక్క టెస్ట్ కూడా చేయకుండా పోసి పంపడం మాత్రం తప్పే. కూలింగ్ సిస్టమ్‌లో గాలి ఇరుక్కోవడం నిజంగా ఉంటుంది, కూలెంట్ మార్చాక ఒకసారి లెవెల్ తగ్గడం మామూలే, అందుకే మొదటిసారి ఆ మాట ఒప్పుకోవచ్చు. రెండోసారి కూడా అదే మాట చెప్పి పంపారంటే అది వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) కింద సేవాలోపం అని గట్టిగా వాదించొచ్చు. నా లెక్కలో మీ కేసులో బలమైన పాయింట్ ఇదే, పంపు కన్నా ఇదే, ఎందుకంటే రెండు కథల్లో ఏది నిజమైనా ఇది నిలబడుతుంది. ఆ రెండు విజిట్లకి జాబ్ కార్డ్ గానీ మెసేజ్ గానీ కాల్ రికార్డ్ గానీ ఏముందో వెతికి పెట్టుకోండి. ఒకవేళ సర్వీస్‌కి బిల్లే ఇవ్వలేదంటే, చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, అదీ ఫిర్యాదులో రాయండి.

రెండు కథల్లో ఏదో తేల్చడానికి ఆ షెడ్డుతో సంబంధం లేని ఆటోమొబైల్ ఇంజనీర్‌నో, మోటార్ సర్వేయర్‌నో పిలిపించండి, ఫలానా రోజు జాయింట్‌గా చూద్దాం రమ్మని షెడ్డు వాళ్ళకి ముందే రాయండి. వాళ్ళు రాకపోయినా పిలిచినట్టు రికార్డు ఉంటుంది. ఆ ఇంజనీర్ మొదట చూడాల్సింది పంపు చుట్టూ. కారిన కూలెంట్ ఎండిపోతే రంగు మరక, పొడి పొక్కులా అంటుకుని ఉంటుంది, పంపు జాయింట్ దగ్గర, దాని కింద ఉండే చిన్న వీప్ హోల్ (పంపు లోపలి సీల్ కారితే కూలెంట్ బయటికొచ్చే రంధ్రం) దగ్గర, బెల్ట్ కవర్ మీద అది కనిపిస్తే దగ్గర్నుంచి ఫోటోలు తీయించండి, వాళ్ళు గుడ్డ పెట్టి తుడిచేస్తే పోయే సాక్ష్యం అది. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్ట్: రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు, చాలా కార్లకి అది 1 బార్ అటూఇటూ ఉంటుంది, చేతిపంపుతో గాలి కొట్టి దాని ప్రెషర్ ముల్లు పడిపోతుందేమో, పడితే బయట ఎక్కడ తడి వస్తుందో చూస్తారు. ఒక్క జాగ్రత్త, గ్యాస్కెట్ ఇప్పటికే పోయి ఉంటే బయట లీక్ లేకపోయినా ముల్లు పడుతుంది, కాబట్టి "ప్రెషర్ నిలవలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఎక్కడ నిలవలేదో రాయాలి. కూలెంట్ పైన ఉన్న గాలిని నీలం రంగు ద్రవం గుండా లాగే టెస్ట్ ఇంకోటి ఉంది, కంబస్చన్ గ్యాస్ ఉంటే ఆ నీలం పసుపులోకి తిరుగుతుంది. కానీ దీనికి ఇంజిన్ ఆన్ చేయాలి, మీ బండిలో ఆయిల్ ఇలా ఉండగా ఆన్ చేస్తే బేరింగులు దెబ్బతింటాయి, అందుకని ఇది వద్దనే చెప్పండి. ఇంజిన్ ఆన్ చేయకుండానే సిలిండర్లలోకి గాలి పంపి చేసే లీక్‌డౌన్ టెస్ట్ ఉంది, ఏ సిలిండర్ గాలికి కూలెంట్ డబ్బాలో బుడగలొస్తే అక్కడే దారి ఉన్నట్టు.

అలాగని ఆయిల్‌లో నీళ్ళు కనిపిస్తే అది హెడ్ గ్యాస్కెట్టే అని ముందే ఒప్పేసుకోకండి. కొన్ని ఇంజిన్లలో కూలెంట్‌తో చల్లబడే ఆయిల్ కూలర్ ఉంటుంది, అది లోపల చిట్లినా రెండూ కలుస్తాయి. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి ఆయిల్ క్యాప్ అడుగున మాత్రమే మీగడలాంటి తెలుపు కడుతుంది, అది తేమ అంతే. మీకు డిప్‌స్టిక్ మీదే వచ్చింది కాబట్టి అది కాదు, నిజంగా కలిసింది. హెడ్ విప్పే ముందే ఆయిల్ కూలర్ విడిగా చెక్ చేశారా అని రాతలో అడగండి.

ఆయిల్ శాంపిల్ తీసేటప్పుడు రెండు శుభ్రమైన సీసాల్లో తీసి, సీల్ వేసి, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒకటి మీ దగ్గర. ల్యాబ్‌లో వాడిన ఆయిల్‌ని పరీక్షిస్తే గ్లైకాల్, సోడియం, పొటాషియం లాంటివి కూలెంట్ కలిసిందని చెప్తాయి, రాగి, సీసం లాంటి లోహాలు ఎక్కువగా ఉంటే బేరింగులు అరిగాయేమో అని అనుమానించాలి. ఇది మీ క్లెయిమ్ మొత్తానికి చాలా ముఖ్యం, గ్యాస్కెట్ ఖర్చు ఒక్కటే అడిగి రాజీపడిపోయి ఆ తర్వాత ఇంజిన్ కింది భాగంలో శబ్దం మొదలైతే మళ్ళీ అడగడం కష్టం. వివాదంలో ఉన్నది పార్టే, అంటే ఆ పంపే నాసిరకం అనుకుంటే, వినియోగదారుల కమిషన్ కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(c) కింద దాన్ని ల్యాబ్‌కి పంపించగలదు, దానికి ఫీజు మీరు ముందు కట్టాల్సి ఉంటుంది.

ముల్లు ఎర్రలో ఉన్నా నడిపిన విషయం దాచకండి. చాలా కార్లలో ఓవర్‌హీట్ కోడ్ పడినప్పుడు అప్పటి టెంపరేచర్, స్పీడ్, ఆర్‌పీఎం కంప్యూటర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్‌గా నిలిచిపోతాయి, స్కాన్ చేస్తే బయటపడతాయి, కోడ్లు చెరిపితే అవీ పోతాయి, అందుకే ఆ స్కాన్ రిపోర్ట్ ప్రింట్ మీరే ముందు తీసుకోమంటున్నా. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత మీకూ ఉంది, కాంట్రాక్ట్ చట్టం 1872 సెక్షన్ 73 వివరణలో ఆ మాట ఉంది, కాబట్టి ఆ కొంచెం దూరానికి కమిషన్ పరిహారంలో కోత పెట్టొచ్చు. కానీ కోత వేరు, ఖర్చంతా మీ నెత్తిన వేయడం వేరు. కూలెంట్ ఎందుకు తగ్గింది అన్న ప్రశ్నకి వాళ్ళే జవాబు చెప్పాలి. ఇంకో మాట, కూలెంట్ బాగా ఖాళీ అయిపోతే సెన్సార్ గాలిలో ఉండి ముల్లు ఆలస్యంగా లేస్తుంది, ఒక్కోసారి కిందే ఉండిపోతుంది, ఈ విషయం మీ ఇంజనీర్ రిపోర్ట్‌లో ఉండేలా చూడండి.

బండి ఆపేయడం గురించి. రిపేర్ చేసినవాళ్ళకి చేసిన పని కూలి వచ్చేదాకా వస్తువు అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ఇస్తుంది, అది నిజమే. అయితే అది ఆ వస్తువు మీద ఇప్పటికే చేసిన పనికి రావాల్సిన కూలికి మాత్రమే. ఇంకా చేయని ఇంజిన్ పనికి ఎస్టిమేట్ చూపించి బండి ఆపడానికి ఆ సెక్షన్ పనికిరాదు. పాత బాకీ ఏదన్నా నిజంగా ఉంటే "అభ్యంతరంతో, నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను" అని రాసి కట్టేసి బండి బయటికి తెచ్చుకోవడమే నయం. అయినా ఇవ్వకపోతే నోటీసులో అదీ రాయండి. బండి వాళ్ళ దగ్గరున్నంత కాలం మామూలు మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత సెక్షన్ 151 ప్రకారం వాళ్ళదే.

ఫిర్యాదు ఎక్కడంటే, మీరు ఉండే చోట జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, షెడ్డు ఎక్కడున్నా సరే. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి అక్కడే, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య మొదలైన నాటి నుంచి 2 ఏళ్ళ గడువుంది. ముందు 15 రోజుల టైమ్ ఇచ్చి నోటీసు పంపండి, పోస్టు రసీదు దాచండి, ఈలోపు 1915కి ఫోన్ చేసి హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండి, కొందరు అక్కడే దిగొస్తారు. కేసు వేశాక కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో వాళ్ళు జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. టెస్టులు అక్కర్లేని కేసు 3 నెలల్లో, ల్యాబ్ టెస్ట్ ఉంటే 5 నెలల్లో తేలాలని చట్టం అంటుంది గానీ వాస్తవంలో ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి. వాట్సాప్ చాట్లు వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డులకి ఇవ్వాల్సిన ధ్రువీకరణ) జత చేయండి. బండి ట్యాక్సీగా తిప్పుతుంటే మీరు స్వయంగా నడుపుకుని బతుకుతున్నారా, డ్రైవర్లని పెట్టి వ్యాపారం చేస్తున్నారా అన్నది అడుగుతారు, రెండోదైతే వినియోగదారుడు కాదని కొట్టేయొచ్చు.

ఇన్సూరెన్స్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే షరతులు చదివి ఆలస్యం చేయకుండా సమాచారం ఇవ్వండి.

వాళ్ళు "సగం సగం పెట్టుకుందాం" అని రావచ్చు, వస్తే తోసిపుచ్చకండి. కాకపోతే రాతలో ఏముండాలంటే, హెడ్ ఉపరితలం వంగిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో కొలిచిన రీడింగులు ఇవ్వాలి, వంగితే ఫేసింగ్ చేయించాలి, అంటే చదును చేయించాలి, కూలింగ్ సిస్టమ్, ఆయిల్ దారులు ఫ్లష్ చేసి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, కొద్ది దూరం తిప్పాక ఆ ఆయిల్ కూడా మళ్ళీ మార్చాలి, చేసిన పనికి ఇన్ని నెలల వారంటీ అని సంతకం ఉండాలి. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" కాగితం మీద మాత్రం బండి కొంతకాలం తిరిగి కూలెంట్ లెవెల్ నిలిచిందని మీకు నమ్మకం కుదిరాకే సంతకం పెట్టండి. అక్కడి నుంచి బండి తీసుకెళ్ళేటట్టయితే నడపకండి, టో ట్రక్ మీదే ఎక్కించండి, ఆ రసీదు కూడా ఫైల్లో పెట్టండి, దాన్నీ క్లెయిమ్‌లో కలపొచ్చు.