జీడితోటలో తేనె పెట్టెలు: వానాకాలం గట్టెక్కించడమే అసలు పని

పలాస దగ్గర రెండెకరాల జీడితోట ఉంది, ఐదు తేనె పెట్టెలు పెడదామనుకుంటున్నాను, ఏమైనా మిగులుతుందా, ఇబ్బందులేమిటి అని అడిగారు. మాదీ ఉద్దానమే. జీడి, కొబ్బరి మధ్య చాలా ఏళ్లుగా ఈగల్ని పెంచుతున్నాను కాబట్టి చెబుతున్నాను: మిగులుతుంది. అయితే జనవరి, ఫిబ్రవరిలో జీడి, మామిడి పూతను చూసి లెక్క వేసుకోకండి. అంతకుముందు వానల్లో మీ ఈగలు పెట్టెలో నిలిచాయా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఐదు పెట్టెలకైతే చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే మన నాటు ఈగే మేలు. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ పూత ఎక్కడుంటే అక్కడికి రాత్రిపూట పెట్టెల్ని బండి ఎక్కించి తిప్పుతుండాలి. అయిదారు పెట్టెలకు ఆ కిరాయి గిట్టదు. నాటు ఈగ మంచి ఏడాదిలో పెట్టెకు ఐదు నుంచి పది కిలోలు ఇస్తే బాగా ఇచ్చినట్టే. దాంతో వచ్చే పేచీ ఒకటే. తిండి చాలకపోయినా, చీమలు వేధించినా, మైనపు పురుగు పట్టినా గుంపంతా పెట్టె వదిలేసి లేచిపోతుంది.

ఈ మూడూ కలిసి వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా. కానుగ, వేప పూత ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ముసురు పడితే ఈగ బయటికి రాదు, వచ్చినా దానికి పువ్వు దొరకదు. ఏడాది పొడవునా పూసే కొబ్బరే ఆ నెలల్లో మాకు దిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు పెట్టెల్ని తాళ్లతో కట్టి కాపాడుకున్నాం గానీ, కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాక ఈగలకు మేత ఎక్కడిది? ఆ తర్వాతి వానాకాలం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వానల్లో పెట్టె ఊరికే తెరవకండి. వెనకనుంచి కొంచెం ఎత్తితే లోపల తేనె ఉందో లేదో చేతికే తెలిసిపోతుంది. వాన తెరిపిచ్చిన పొద్దుట పెట్టె గుమ్మం దగ్గర కాసేపు కూర్చోండి. వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటించుకుని ఈగలు వస్తుంటే రాణి గుడ్లు పెడుతున్నట్టే, దాదాపుగా. పెట్టె తేలికైతే పంచదార, నీళ్లు సమానంగా కలిపి, చల్లార్చి, సాయంత్రం పెట్టె లోపలే పెట్టాలి. చుక్క బయట పడినా పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. పూత మొదలవడానికి ముందే ఈ పాకం ఆపేయాలి. అది కలిసినదాన్ని తేనె అని అమ్మడం నాకు మాత్రం తప్పే.

అడుగు పలక మీద మైనం పొడి, నల్లటి రెట్ట కనిపిస్తే మైనపు పురుగు చేరినట్టు. అప్పుడు ఈగలు కప్పని ఖాళీ పట్లు తీసేయండి. ముందు తెల్లటి గూడు సొరంగంలా సాగుతుంది, ఆలస్యమైతే పట్టంతా జాలీ అయిపోతుంది. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టండి.

వానల తర్వాత నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మందులు. జీడికి టీ దోమ, మామిడికి తేనెమంచు పురుగు, రెండింటికీ మందు కొట్టేది సరిగ్గా పూత సమయంలోనే. ఒక ఏడు పొద్దున్నే వెళ్లేసరికి పెట్టె ముందు ఈగలు గుట్టగా పడి ఉన్నాయి, నాలుకలు బయటికి చాచి. మందు తగిలి చచ్చాయనడానికి అదే గుర్తు. పక్క తోట పెదనాన్న దగ్గరికి వెళ్లాను.

"నీ ఈగల కోసం నా పూత మాడబెట్టుకోమంటావేట్రా?"

"వద్దు పెదనాన్నా. పొద్దు వాలాక కొట్టు, ముందురోజు నాకో మాట చెప్పు, చాలు."

జీడి పుప్పొడికి జిగురుంటుంది, గాలికి అంతగా ఎగరదు, ఈగో చీమో మోస్తేనే పిందె నిలుస్తుందని కూడా చెప్పాను. ఇప్పుడు ఆయనే కబురు చేస్తాడు. పగలే కొట్టక తప్పదంటే ముందురోజు రాత్రి గుమ్మానికి గాలాడే జాలీ బిగించి, పెట్టె మీద తడి గోనె కప్పుతాను. ఎండలో ఎక్కువసేపు మూసి ఉంచకూడదు, ఉక్కకే చచ్చిపోతాయి.

తేనె తీసేటప్పుడు ఆత్రపడకండి. గదులు ముప్పాతిక వంతైనా మైనంతో మూతపడ్డాకే తీయాలి. ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. మన సముద్రపు గాలికి, మూతపడకముందే తీసిన పచ్చితేనె సీసాలోనే నురగ కట్టి పులిసిపోతుంది. గడ్డ కట్టిందంటే పంచదార కలిపారని కొనేవాళ్లు అనుమానిస్తారు. మంచి తేనె కూడా గడ్డ కడుతుందని అమ్మేటప్పుడే చెప్పేయండి.

కుడితే ముల్లును గోటితో పక్కకు గీరి తీసేయాలి. ఊపిరి ఆడనట్టుంటే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తుపాన్ల రోజులు దాటాక రెండు పెట్టెలతో మొదలుపెట్టండి, పూత నాటికి గుంపు బలపడుతుంది. శిక్షణ కోసం ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. పెట్టెలు కొనేముందు మాత్రం మీ చుట్టుపక్కల కిలోమీటరు మేర తిరిగి జులై, ఆగస్టుల్లో ఏం పూస్తుందో, ఆ తోటల్లో మందు ఎవరు కొడతారో తెలుసుకోండి. పూసేది ఏమీ లేకపోతే ఆ చోటు వద్దు.