మందు కల్లు, గల్ఫ్ టికెట్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా చిన్న కొడుకుకు దుబాయ్ వీసా వచ్చింది. ఇంకో ఇరవై రోజులకు ప్రయాణం. రోజూ దుకాణంల మూడు నాలుగు సీసాల కల్లు తాగుతడు. ఒక్కపూట తాగకపోతే చేతులు వణుకుతయి, నిద్ర పట్టదు. అక్కడ కల్లు దొరకదు, దానంతటదే బందయితదని అందరంటున్నరు. నిద్రమాత్రలు ఇచ్చి పంపొచ్చునా? – ఒక తల్లి, మెట్‌పల్లి

జవాబు: మాత్రలు ఇవ్వకండమ్మా. ఇరవై రోజుల్లో ప్రయాణం కూడా వద్దు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీవాడికి అలవాటైంది ఉత్త కల్లు కాదనిపిస్తోంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర, మత్తు మందులు కలుపుతారు. వీటిలో ఆల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది. ఇంటి దగ్గర ఆఖరి సీసా తాగి, శంషాబాద్ చేరి, విమానం దిగి, క్యాంపులో మంచం చూసుకునేసరికి ఒక రోజు గడుస్తుంది. చెమటలు, బుగులు, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఫిట్స్ మొదలయ్యేది సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం దవాఖానల పాలైంది ఇందుకే. వాళ్లకు కనీసం ఇంటివాళ్లు పక్కన ఉన్నారు.

రోజుకో సీసా తగ్గిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఒక్కో సీసాలో మందు ఒక్కోలా పడుతుంది కాబట్టి, సీసా తగ్గినా మందు తగ్గిందో పెరిగిందో తెలియదు. మానసిక వైద్యులు చేసేది వేరు. మోతాదు తెలిసిన, నెమ్మదిగా దిగే డైజీపాం లాంటి మాత్ర మీదికి మార్చి, దాన్నే తగ్గిస్తూ వస్తారు. 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రాజోలంకు సుమారు 10 మిల్లీగ్రాముల డైజీపాం అని ఒక లెక్క ఉంది. కానీ సీసాలో ఎంత కలిపారో తెలియదు గనుక ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. నాడి, వణుకు, చెమట చూసి మోతాదు పెడతారు. ఆ తర్వాత వారానికో, రెండు వారాలకో 10 నుంచి 25 శాతం తగ్గింపు. నెలన్నర, రెండు నెలలైనా పడుతుంది. డాక్టరు రాసిన ఆ మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని పూటపూటకూ ఇవ్వండి. మాత్ర వేసుకుని మళ్లీ కల్లు తాగితే ఊపిరి మందగిస్తుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా పెట్టడం వద్దు. అయిదు నిమిషాలైనా ఆగకపోయినా, మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

దుబాయ్ ఎంట్రీ పర్మిట్‌కు మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. మీ కాగితం మీద తేదీ చూసుకుని, టికెట్ వెనక్కి జరపమని ఏజెంటును ఇప్పుడే అడగండి. మాత్రల సంగతంటారా, ఆల్ప్రాజోలం, డైజీపాం, నొప్పి మాత్ర ట్రమడాల్ అక్కడ నియంత్రణలో ఉన్న మందులు. డాక్టరు చీటీతో పాటు ఆ దేశ ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోకుండా బ్యాగులో పెడితే జైలుకు పోయే ప్రమాదం ఉంది. పక్కింటివాళ్లు తమ కొడుక్కి ఇమ్మని అందించే పొట్లం కూడా విప్పి చూడనిదే పెట్టనివ్వకండి.

ప్రశ్న: మా రైస్ మిల్లులో బీహార్ నుంచి వచ్చిన హమాలీ గంజాయితో పాటు ఏవో నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడు. దవాఖానకు తీసుకుపోతే పోలీసు కేసవుతుందా? భాష ఎట్లా? – వరంగల్ పాఠకుడు

జవాబు: వాడకానికో, కొద్ది పరిమాణానికో సంబంధించిన కేసుల్లో తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చినవాడికి మత్తుమందుల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64-ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యం. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖాన మానసిక విభాగం ఓపీకి తీసుకెళ్లండి. ఖాళీ మాత్రల పట్టీలు కూడా వెంట పెట్టుకోండి, అవి దొరికితే సగం పని అయినట్టే. హిందీలో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది.

మాటలు తర్జుమా చేయడానికి లేబర్ కాంట్రాక్టరును కూర్చోబెట్టకండి. అడ్వాన్సు బాకీ ఉన్నవాడు ఆయన ముందు ఎన్ని మాత్రలు వేస్తున్నాడో నిజం చెప్పడు. ఆ మాత్రలు ట్రమడాల్ లాంటి నల్లమందు జాతివైతే ఆ అలవాటు మాన్పించే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తారు. పాత మందు ప్రభావం దిగకముందే ఇస్తే ఒక్కసారిగా ఒళ్లునొప్పులు, వాంతులు పట్టుకుంటాయి, అందుకే గంటలు లెక్కపెట్టి మొదలుపెడతారు. సీజను అయిపోయి ఊరికి వెళ్లేముందు మందుల పేర్లు, మోతాదు రాయించి ఇవ్వండి. కొన్ని వారాలు మానేసి పాత లెక్కలోనే మాత్రలు మింగితే ఒళ్లు తట్టుకోదు, చావులు ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: షార్జాలో ఉన్న మా ఆయన బాగా తాగుతున్నడు. తెలియకుండా అన్నంలో కలిపే పొడి రూమ్మేటుతో పెట్టించొచ్చా? – జగిత్యాల చెల్లెలు

జవాబు: వద్దమ్మా. అలాంటి పొడుల్లో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరాం అనే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. తనకు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షలు చేశాకే వేసుకోవాల్సిన మందు. సెలవు మీద ఎప్పుడొస్తారో అడిగి, ఆ నెల రోజులకు ఇప్పుడే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. ఈలోగా ఫోన్‌లో ఒక్కసారే మానెయ్యమని ఒట్టు వేయించకండి, బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపినా వణుకు, ఫిట్స్ రావచ్చు.