పొయ్యి ఖర్చు ఒక్క లైనులో రాయకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన చిట్టా పేజీలు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. మీ నాయన కోడిగీతల రాత నీకు రాలేదు, సంతోషం. జడ్చర్లలో బేకరీ తెరిచిన నాటి నుంచి ఒక్కరోజు తప్పకుండా రాస్తున్నావు, అదింకా సంతోషం. కానీ ఒక లైను దగ్గర ఆగిపోయాను: ‘పొయ్యి ఖర్చు 11,460’.

ఫోన్ చేసి అడిగితే విప్పి చెప్పావు. రెండు గ్యాస్ సిలిండర్లు 4,248, ఓవెన్‌కు డీజిల్ 3,812, కట్టెలు 3,400. మండేవి మూడూ ఒకటే అనుకున్నావు. పన్ను మాత్రం ఒక్కోదానికి ఒక్కో తీరు. ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, మూడు ఖాతాలు తెరువు.

19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీద జీఎస్టీ 18 శాతం. నీ 4,248లో గ్యాస్ విలువ 3,600, సీజీఎస్టీ (కేంద్రం వాటా) 324, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 324. గ్యాస్ ఖాతాలో 3,600 రాయి. మిగతా 648 నీ ఇన్‌పుట్, అంటే నీ అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేది, ఆ రెండు పన్నులకూ వేరే ఖాతాలు ఉండాలి. కేకులు, బిస్కెట్ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కు దిగింది కదా అని గ్యాస్‌కు కూడా 5 వేసుకునేవు, దానికి 18 అట్లనే ఉంది. 5 శాతం ఇంటి సిలిండర్‌కు. అది కొట్లోకి తేనే వద్దని అల్లుడికి గట్టిగా చెప్పు, పట్టుకుంటే కేసు.

ఇంకో మాట, నీకు నచ్చదు. బ్రెడ్ మీద పన్ను లేదు. పన్ను లేని సరుకు కోసం కాలిన గ్యాస్‌కు ఇన్‌పుట్ కూడా లేదు. నీ దగ్గర బ్రెడ్డూ కేకులూ ఒకే మంట మీద అవుతాయి కాబట్టి ఆ నెల అమ్మకాల లెక్కన పంచాలి. అమ్మకంలో బ్రెడ్ 40 శాతం అనుకో, 648లో 259 రూపాయల 20 పైసలు వెనక్కి తిప్పి గ్యాస్ ఖర్చులో కలపాలి. నీకు మిగిలేది 388 రూపాయల 80 పైసలు. అందుకే బ్రెడ్ అమ్మకం ఏ రోజుకారోజు వేరుగా రాయమనేది. రస్కులు మాత్రం బ్రెడ్డులో కలపకు, వాటికి 5 శాతం ఉంది.

డీజిల్‌కు జీఎస్టీ లేదు. రాష్ట్ర వ్యాట్ ధరలోనే ఉంటుంది, అది నీకు తిరిగి రాదు. 3,812 మొత్తం ఖర్చే. 2017 జులైలో జీఎస్టీ కొత్తగా వచ్చినప్పుడు ఒక మిల్లు లెక్కలు నేనే రాసేవాణ్ణి. తొందరలో డీజిల్ బిల్లుల్లోంచి కూడా 18 శాతం తీసి ఇన్‌పుట్ వేశాను. నోటీసు వచ్చింది, వడ్డీతో కట్టాల్సి వచ్చింది. సేటు ఒక్క మాట అనలేదు కానీ నెల రోజులు నా టేబుల్ మీదికి చాయ్ రాలేదు.

డీజిల్ డబ్బాలో తెస్తారు కదా, అందులోంచి వ్యాన్‌లో పోసుకున్నది రవాణా ఖాతాలోకి పోవాలి. బంకు వాళ్లిచ్చే చీటీ ఎండాకాలం గడిచేసరికి తెల్లకాగితం అయిపోతుంది. తెచ్చిన రోజే జిరాక్స్ తీసి పిన్ను కొట్టు.

కట్టెలకు పన్ను లేదు, అసలు బిల్లే ఉండదు. సర్కారు తుమ్మ మొద్దులు ట్రాక్టర్‌లో తెచ్చి దించి పోతారు. నువ్వే ఓచర్ రాసుకో. తెచ్చినాయన పేరు, ఊరు, ట్రాక్టర్ నంబరు, కాటా చీటీలో ఉన్న క్వింటాళ్లు, రేటు, కింద ఆయన సంతకమో వేలిముద్రో. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్‌టాక్స్‌లో ఆ ఖర్చు ఒప్పుకోరు. దాటితే ఫోన్‌పే చెయ్యి.

గ్యాస్ బిల్లు మీద కొట్టు జీఎస్టీ నంబరు ఉందా? నువ్వు పంపిన ఫొటోలో అల్లుడి పేరొక్కటే కనిపించింది. ఏజెన్సీకి పోయి మార్పించు. లేకపోతే ఆ బిల్లు జీఎస్టీఆర్-2బీలో, అంటే నీ ఇన్‌పుట్ ఎంతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా చూపించే పట్టీలో, కనిపించదు, పైన నేను చెప్పిన లెక్కంతా వృథా. ప్రతి నెలా 14 దాటాక 2బీ తీసి బిల్లులతో సరిచూసుకో. సిలిండర్లకు కట్టిన డిపాజిట్ కూడా గ్యాస్ ఖర్చులో రాసినట్టున్నావు. అది తిరిగొచ్చే డబ్బు, తీసి డిపాజిట్ల ఖాతాలో పెట్టు.

నాలుగు కుర్చీలు వేసి చాయ్ పెడతానని అల్లుడు అంటున్నాడట. కూర్చోబెట్టి పెడితే హోటల్ లెక్కలోకి పోతుంది, 5 శాతం కట్టాలి, ఆ అమ్మకం వరకు ఇన్‌పుట్ ఉండదు. కుర్చీలు కొనకముందే ఆడిటర్ గారిని కలవండి.

మార్చి 31 రాత్రి కొట్టు కట్టేముందు మిగిలిన కట్టెలు, డబ్బాలో డీజిల్, నిండు సిలిండర్లు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి ఉంచు. ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ముందు ఆ కాగితమే అడుగుతాను.

మీ చిన్నాయన