కుక్కపిల్లకు పచ్చి చికెన్ ఎంత పెట్టాలి?

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు మూడు నెలలు. బరువు 8 కిలోలు. పచ్చి మాంసం పెడితే బాగా పెరుగుతుందని తెలిసినవాళ్లు చెబితే మూడు వారాలుగా స్కిన్‌లెస్, బోన్‌లెస్ చికెన్ ఒక్కటే పెడుతున్నాం. బరువులో 10 శాతం పెట్టమంటున్నారు. సరిపోతుందా? ఇంట్లో ఏడాది పాప ఉంది.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పచ్చి మాంసం పెట్టేవాళ్లు సాధారణంగా రెండు మూడు నెలల పిల్లకు బరువులో 8 నుంచి 10 శాతం, నాలుగైదు నెలలకు 6 నుంచి 8, పెద్దయ్యాక 2 నుంచి 3 శాతం అని లెక్కేస్తారు. 8 శాతమంటే మీ దానికి రోజుకు 640 గ్రాములు, నాలుగు పూటలకు పూటకు 160. లాబ్రడార్‌కు 10 శాతం దాకా వెళ్లొద్దు. ఎంత పెట్టినా గిన్నె నాకుతూ ఇంకా కావాలనే చూసే జాతి అది.

ఈ అంకె మొదలుపెట్టడానికే. 640 గ్రాముల స్కిన్‌లెస్‌లో సుమారు 770 కేలరీలుంటే, స్కిన్‌తో అదే తూకానికి 1,300 దాటుతాయి. అందుకే వారానికోసారి దాన్ని ఎత్తుకుని వెయింగ్ మిషన్ ఎక్కి, మీ బరువు తీసేసి చూసుకోండి. పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే ఎముకలు వేళ్లకు తగలాలి. తగలకపోతే పదో వంతు తగ్గించండి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘బోన్‌లెస్ ఒక్కటే’. అంత మాంసంలో కాల్షియం 100 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఎదిగే మీ కుక్కపిల్లకు రోజుకు కావాల్సింది దాదాపు 3 గ్రాములు. ఫాస్ఫరస్ మాత్రం దండిగా ఉంటుంది. దాంతో ఒంట్లో కాల్షియం చాలక ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఇలాగే సాగితే కాళ్లు వంకరపోతాయి, సోఫా మీంచి దూకినా ఎముక విరగొచ్చు. అలాగని మెడికల్ షాపులో కాల్షియం సిరప్ కొని పోసేయకండి. పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి.

ఇక చంటిపాప ఉన్న ఇంట్లో పచ్చి మాంసానికి నేను ఒప్పుకోను. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు. కుక్కకు ఏ జబ్బూ కనిపించకపోయినా దాని మలంలో పోతూనే ఉంటుంది. పచ్చి మాంసం తిన్న ఆ నోటితోనే వచ్చి పాప మొహం నాకుతుంది కదా!

వారం పది రోజుల్లో మెల్లగా ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ అని రాసి ఉన్న డ్రై ఫుడ్‌కు మార్చండి. చికెన్ ఉడికించి, ఎముకలు తీసేసి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా, మొత్తం తిండిలో పదో వంతు మించకుండా కలపండి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే మినరల్ మిక్స్ ఎంతో మీ పశువైద్యుడి చేత రాయించుకోండి. ఇప్పటికే కుంటుతున్నా, లేవడానికి బద్ధకిస్తున్నా ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి.